అలసట లేని గొంతు

నాది మల్లాపూర్‌ల ఒక మందుల కంపెనీల నైట్ డ్యూటీ. అందరు టిఫిన్ బాక్సులు పట్టుకొని ఇంట్లకెళ్లి బయలెల్లే టైముకు నేను నాచారంల రూముకు వస్త. స్నానం జేసి, రాత్రిది ఏదన్న ఉంటే తిని, కిటికీకి దుప్పటి కట్టి పండుకుంట. పగటి నిద్ర అలవాటైనోళ్లకు ఎరుకే, అది నిద్ర గాదు. కుక్కర్ విజిళ్లు, కూరగాయల బండి మైకు, కింది పోర్షన్ల టీవీ, అన్ని నిద్రలకు వస్తనే ఉంటయ్.

నేను పండుకుంటే దిండు పక్కన ఫోన్ ఉంటది. కాల్ నడుస్తనే ఉంటది. అటు దిక్కు ఆమని, నేను ప్రేమించిన పిల్ల.

ఆమని ఉప్పల్‌ల లేడీస్ హాస్టల్‌ల ఉంటది. వాళ్లది భీమవరం దిక్కు. ఒక ల్యాబ్‌ల రిసెప్షన్ల కూసునేది. నా యాసను ఎక్కిరించకుంటే ఆమెకు పొద్దు పోయేది గాదు. ఎండకాలం ముందర ఏమైందో ఏమో, ఒక్కొక్కటి బంద్ జేసుకుంట వచ్చింది. నవ్వుడు బంద్. తల దువ్వుకునుడు బంద్. ఆఖరికి డ్యూటీ బంద్. దవాఖానకు తీస్కపోతే డాక్టరమ్మ డిప్రెషన్ అన్నది. గోలీలు రాసింది. టైం పడ్తది, పక్కన ఉండు అని నాకు చెప్పింది.

పక్కన ఎట్ల ఉంటం? హాస్టల్ గేటు దాటి మొగపిల్లగాండ్లను రానియ్యరు. రాత్రంత ఆమెకు నిద్ర రాదు, నాకు డ్యూటీ. పగలు రూమ్మేట్లందరు ఆఫీసులకు పోతే ఆమె ఒక్కతే. "నువ్వు మాట్లాడక్కర్లేదు బాలూ, కాల్ ఉంచు చాలు. నీ గురక వింటూ పడుకుంటాను" అన్నది. సరే అన్న. గట్ల మొదలైంది.

ఉన్నమాట చెప్తున్న, నేను అలసిపోయిన. ఆమె మీద ఇష్టం లేక గాదు. రోజు అవే మాటలు. తిన్నవా, గోలి ఏసుకున్నవా, నయమైతది తియ్, ఫికర్ జేయకు. చెప్పి చెప్పి ఆ మాటలు నాకే సప్పగైపోయినయ్. ఆమెకు కూడా తెలిసిందేమో, ఊ అని ఊకునేది.

ఒకనాడు సాయంత్రం గేటు కాడికి పోతే ఆమె తలస్నానం జేసి, మంచి డ్రెస్ ఏసుకొని నిలబడ్డది.

"పొద్దున ఎంత బాగా మాట్లాడావు బాలూ," అన్నది. "అలా మాట్లాడి చాన్నాళ్లయింది నువ్వు."

పొద్దున నేను పండుకున్న. నిద్రల ఏమన్న కలవరించిన్నేమో అనుకున్న. ఏమన్న అని అడిగితే సిగ్గుపడి, అడగకు అన్నది. ఆమె ఆకలైతుందన్నది, నవ్వింది. నాకు గదే చాలనిపించింది.

తెల్లారి కూడ గట్లనే. ఆ తెల్లారి కూడ. నేను పండుకుంట, ఆమెతోని ఎవరో మాట్లాడుతరు, సాయంత్రానికి ఆమె ముఖంల కళ. అనుమానం రాలేదా అంటే వచ్చింది. కానీ ఎన్నో రోజుల తర్వాత కంటినిండ నిద్ర పట్టింది నాకు. అడగబుద్ధి కాలే.

మల్ల ఒకనాడు, గోలి ఏసుకున్నవా అంటే నన్ను వింతగ సూసింది.

"నువ్వేగా మానెయ్యమన్నావు."

నేను గేటుకు ఇంక దగ్గర జరిగిన.

"ఇంకేమన్న నేను?"

"రేపు నా గదికి వస్తానన్నావు. గడియ తీసి పెట్టుకోమన్నావు. ఇద్దరం వెళ్లిపోదామన్నావు."

"యాడికి?"

"అది చెప్పలేదు. బట్టలు కూడా వద్దన్నావు."

చెప్తుంటే ఆమె ముఖంల ఒక తీరు నెమ్మది. ఇగ దేని కోసం కొట్లాడే పని లేని మనిషి నెమ్మది. నాకు భయమైంది. అది నేను గాదు ఆమని, నేను పండుకున్న అని చెప్పిన. ఆమె ముఖం మాడిపోయింది. "మాటిచ్చి ఇప్పుడు కాదంటావా?" అని లోపటికి పోయింది. హాస్టల్ నడిపే లక్ష్మీనర్సమ్మకు, రేపు జర ఆమె మీద కన్నేసి పెట్టమని చెప్పిన. "గేటు కాడ నేను కూసుంట బిడ్డా, నన్ను దాటి ఎవడు పోతడు?" అన్నదామె.

తెల్లారి వచ్చి పండుకున్నట్టు జేసిన. కండ్లు మూసుకొని గోడ దిక్కు తిరిగిన. ఫోన్ నా వీపు ఎనక. అండ్ల ఆమె ఊపిరి ఇనపడుతుంది. కూరగాయల బండి పోయింది. కింద టీవీ ఆగింది. కూలర్ గాలి తగులుతనే ఉన్నది, చప్పుడు మాత్రం లేదు. తడిబట్టలు మూటగట్టి మర్చిపోతే వచ్చే ముక్కిన వాసన...

నా ఎనక దిక్కు మంచం కిందికి దిగింది. ఎవరో కూసున్నరు.

"ఆమనీ..."

ఫోన్లకెళ్లి గాదు. నా వీపు ఎనకకెళ్లి.

నా గొంతే. నా యాసే. అలసట లేదు అండ్ల. కొత్తగ కలిసినప్పుడు, మెట్రో దిగి ఆమె ఎంట నడుచుకుంట మాట్లాడిన గొంతు అది. నేనే మర్చిపోయిన.

"పండుకున్నవా బంగారం?"

"లేదు. నీ కోసమే చూస్తున్నా."

"వస్తున్న. గడియ తీసి పెట్టు."

"సరే."

తిరిగి సూద్దామంటే మెడ తిరగలే. నోరు పెగల్లే. మంచం పైకి లేచింది. నా చెప్పుల చప్పుడు... తలుపు దాక. తలుపు తెరుసుకుంది. మెల్లగ మూసుకుంది. గప్పుడు కూలర్ చప్పుడు మల్ల మొదలైంది.

చేతులు కాళ్లు ఆడంగనే ఫోన్ పట్టుకొని ఉరికిన. రోడ్డు మీద ఆటో దొరికింది. "అన్నా, ఉప్పల్. జల్ది పోనియ్," అన్న.

"ఆమని, తలుపు తియ్యకు."

"ఆ హారన్లేంటి బాలూ? నువ్వు..." ఆమె ఆగింది. అటు దిక్కు తలుపు కొడుతున్నరు. మెల్లగ కొడుతున్నరు.

"నువ్వు ఇక్కడే ఉన్నావుగా. తలుపు దగ్గర. గడియ తీసే ఉంది, లోపలికి రావేం?"

"అది నేను గాదు. ఫికర్ జేయకు, నేను..."

తలుపు అవతల నా గొంతు అదే మాట అన్నది. ఫికర్ జేయకు అన్నది. నా కన్న మంచిగ అన్నది.

"ఇద్దర్లో నువ్వెవరు?" ఆమె గుసగుసగ అడిగింది.

ఏం చెప్పాలె? ఓదార్పు మాటలన్ని దానికి నాకన్న బాగొచ్చు.

"ఆమని, ఇను. నేను అలసిపోయిన. మస్తు అలసిపోయిన. ఒక్కోనాడు నీ ఫోన్ వస్తే ఎత్తబుద్ధి కాదు. నువ్వెప్పుడు బాగైతవో నాకు తెల్వదు. అప్పటిదాంక నాకు శాతనైతదో లేదో తెల్వదు. ఇప్పుడు హబ్సిగూడ సిగ్నల్ కాడ ఇరుక్కున్న. కాళ్లకు చెప్పులు లేవు. అయినా వస్తున్న."

ఆటో అన్న అద్దంల నన్ను సూసిండు. బండిని పక్క సందులకు తిప్పిండు.

ఫోన్ల ఆమె ఏడుపు ఇనపడ్డది.

"నాకు తెలుసు," అన్నది. "నువ్వు అలసిపోయావని నాకు తెలుసు బాలూ. ఎప్పుడూ చెప్పవేం?"

గడియ చప్పుడైంది.

"ఏసినవా, తీసినవా?"

"వేశాను."

తలుపు కొట్టుడు ఆగింది.

నేను పోయి చెప్తే లక్ష్మీనర్సమ్మ ఆమెను కిందికి తీసుకొచ్చింది. తన కండ్ల ముందు ఈగ కూడ గేటు దాటలేదని ఒట్టేసి చెప్పింది. మెట్రో పిల్లర్ కింద చాయ్ బండి కాడ కూసున్నం. ఆమని గోలి ఏసుకుంది. నా కాళ్లు సూసి, చున్నీ కొంగుతోని దుమ్ము తుడిచింది. ఫోన్ ఏదని అడిగితే, పైనే వదిలేశాను, ముట్టుకోబుద్ధి కాలేదు అన్నది. కొద్దిసేపటికి నా భుజం మీద తల పెట్టి నిద్రపోయింది. అన్ని నెలల తర్వాత, ఫోన్ లేకుంట, పట్టపగలు, రోడ్డు మీద.

నా జేబులకెళ్లి ఎవరో నన్ను పిలిచిన్రు.

తీసి సూస్తే ఆ కాల్ ఇంక నడుస్తనే ఉన్నది. చెవి కాడ పెట్టుకున్న.

"బాలూ... బాగా అలసిపోయావు కదూ?"

ఆమని గొంతు. ఎనకటి గొంతు, నా యాసను ఎక్కిరించేటప్పటిది, నవ్వు దాచుకున్నది. నా భుజం మీద ఆమని నోరు మూసుకొని పండుకొని ఉన్నది. ఆమె ఊపిరి నా మెడకు తగులుతుంది.

కట్ జేయాలె. నా వేలు ఎర్ర బటన్ మీదనే ఉన్నది. ఒత్తుతలేను. నేను ఆ గొంతు ఇని ఎన్ని రోజులైందో.

"నువ్వు కాసేపు పడుకో," అన్నది. "ఆ పిల్లని నేను చూసుకుంటాలే."

నాకు కండ్లు మూతలు పడుతున్నయ్.