ఒకే డబ్బాలో సాలీళ్లు

"ఆదివారం దాకా మందు కొట్టనని మాటిచ్చినారా లేదా?"

తోటపల్లి గూడూరులో సుకుమార్ వరిచేను గట్టు మీద నిలబడి పుష్పకుమారి అరిచింది. చేనంతా పురుగుమందు వాసన. నెల్లూరులో సాలీళ్ల మీద పరిశోధన చేస్తున్న ఆమెకు కావలసిన రకం ఆ చేలో కనబడింది; ఆదివారం వచ్చి పట్టుకోవాలనుకుంది.

"పైరుకు సుడిదోమ పడింది మేడం. ఆగితే చేను మాడిపోతాది. మీకెన్నిసార్లు ఫోన్ చేసినానో చూసుకోండి."

"ల్యాబ్‌లో ఉంటే ఎట్లా ఎత్తేది?"

"నేనెట్లా ఆగేది?" సుకుమార్ గొంతూ లేచింది. "అయినా మీ పురుగుల్ని చావనిచ్చినానా? మందు కొట్టేముందు, తెల్లారగానే నేనూ మాయమ్మా చేనంతా తిరిగి పట్టినాం." కోపంగానే ఒక స్టీలు డబ్బా ఆమె చేతిలో పెట్టాడు. మూతకు చిల్లులు కూడా పొడిచాడు.

పుష్పకుమారి ఆశగా తెరిచింది. లోపల బాగా బలిసిన సాలీడు ఒక్కటే ఉంది. దాని చుట్టూ తెగిన కాళ్లు.

"అన్నిటినీ ఒకే డబ్బాలో వేస్తే ఒకదాన్నొకటి తినవా? బుద్ధుందా నీకు?"

'మీరు' కాస్తా 'నువ్వు' అయిపోయింది.

"నాకేం తెలుసు? ఒకటి మిగిలింది గదా, తీసుకుపో."

"ఇది ఆడది! నాకు పూర్తిగా ఎదగని మగవి కావాల, ప్రాణంతో. వాటి వృషణాల్లో కణాలు విడిపోయేటప్పుడే క్రోమోజోములు తేటగా కనబడేది. ఇప్పుడు పోతే మళ్లీ వచ్చే ఏడే!"

చివర్లో ఆమె కళ్లు ఎర్రబడ్డాయి. అది అతను గమనించాడని ఇంకా మండిపడి, స్కూటీ ఎక్కి వెళ్లిపోయింది.

ఆ వారాంతంలో, జోరువానలో, సుకుమార్ ల్యాబ్ గుమ్మంలో నిలబడ్డాడు. మనిషి తడిసి ముద్దయ్యాడు, చేతిలో సంచి మాత్రం పొడిగా ఉంది. సంచి నిండా అగ్గిపెట్టెలు, ఒక్కో దాంట్లో ఒక్కో సాలీడు. ముత్తుకూరు దాకా మందు కొట్టని చేలన్నీ గాలించాడట.

"మగవో ఆడవో నాకు తెలీదు. తిట్టేదుంటే ఇప్పుడే తిట్టు, పోతాను."

"ఎక్కడికి పోయేది? కూర్చో."

వాటిలో కావలసిన మగవి దొరికాయి. సాయంత్రానికి స్లైడు సిద్ధమైంది. మైక్రోస్కోపులో సుకుమార్‌కు ఊదారంగు పుల్లల్లాంటివి కనిపించాయి.

"ఓరగా రెండు ఉండాయే, అవేంది?"

"ఎక్స్ క్రోమోజోములు. మగదానిలో వాటికి జతలుండవు. కణం విడిపోయేటప్పుడు రెండూ ఒకే పక్కకు పోతాయి. అవి అందితే ఆడపిల్ల, అందకపోతే మగపిల్ల."

"పోట్లాడుకోకుండా పోతాయా?"

"నవ్వొద్దు. నాకింకా కోపం పోలేదు."

"తెలుసు. గట్టు మీద నువ్వు అరిచింది మాయమ్మ వినింది. ఆ పిల్ల మనింటికి కోడలిగా వస్తాదేమో అడగమంది."

"మీ అమ్మ అడగమంటే అడుగుతున్నావా?" ఆమె కళ్లు మళ్లీ ఎర్రబడ్డాయి.

"కాదు!" అతనూ అరిచాడు. "నాకిష్టమై అడుగుతున్నాను!"

పక్కగదిలోవాళ్లు తొంగిచూశారు. పుష్పకుమారి వాళ్ల ముఖం మీదే తలుపు వేసి వచ్చింది.

"ఇంకోసారి చెప్పు," అంది. "అరవకుండా."