ఈగల డబ్బా మోగిన మేడగది

దర్జీ దుకాణం మీదున్న మేడగదికి చెడ్డపేరు వచ్చి మూడేళ్లయింది. అక్కడ పిల్లలకి వాయిద్యాలు నేర్పిన బ్యాండు మాస్టారు పోయిన దగ్గర్నుంచీ అన్నమాట. పొద్దుగూకితే ఆ మెట్ల పక్కనుంచి ఎవరూ నడవరు. దర్జీ అయితే ఇంకా వెలుతురుండగానే మిషన్‌కి గుడ్డ కప్పేసి షట్టర్ దించేస్తాడు. ఎందుకంటే... పైన ఎవరో కర్రతో బల్ల మీద కొడుతుంటారట. టక్, టక్, టక్. మాస్టారు పిల్లలకి పాఠం మొదలుపెట్టేముందు కొట్టినట్టే.

ఈ మాటలు విని నవ్వే మనిషి ఆ వీధిలో ఒక్కడే. ఆంప్లిఫయర్లు బాగుచేసే మెకానిక్ తాత. "మోగేదేదైనా సరే, కరెంటు ఉండాలి. లేకపోతే మోగదు," అని తేల్చి పారేసేవాడు. దెయ్యానికీ, ట్రాన్స్‌ఫార్మర్‌కీ ఆయన లెక్కలో తేడా లేదు.

ఆ నవ్వు వెనక పాత కోపం ఉంది.

ఇరవై ఏళ్ల కిందట మాస్టారి బ్యాండులో ఎలక్ట్రిక్ గిటార్ కోసం ఒక ఆంప్లిఫయర్ చేసిచ్చాడు. నాలుగు నెలలు పట్టింది. ప్రతి తీగా తన చేత్తో అతికించిందే. మొదటి ప్రోగ్రాం రోజున స్విచ్ వేయగానే పెట్టెలోంచి సన్నగా మోత వచ్చింది. జుయ్... మని.

"ఏమయ్యా, ఇందులో ఈగల్ని పెంచుతున్నావా?" అన్నారు మాస్టారు, వందమంది ముందు.

రెండో నాబ్ కొంచెం తగ్గిస్తే పోతుందన్నాడు మెకానిక్. చేసినవాడివి నువ్వు, తగ్గించడానికి నేనా అన్నారు మాస్టారు. ఆయన తగ్గించలేదు. ఈయన వెళ్లి తగ్గించలేదు. ప్రోగ్రాం అంతా ఈగలు మోగుతూనే ఉన్నాయి.

అంతే, ఆ పేరు బంకలా అంటుకుంది. ఈగల మెకానిక్. జుట్టు నెరిశాక, ఈగల తాత.

మర్నాడే పెట్టె వెనక్కి తెచ్చుకుని మరకి మర ఊడదీశాడు. దాని చెక్కతో పీట చేయించాడు. ఇరవై ఏళ్లుగా ఆ పీట మీదే కూర్చుని పనిచేస్తున్నాడు. మాస్టారు పోయినప్పుడు వీధి వీధంతా కదిలింది, ఈయన మాత్రం పీట మీద నుంచి లేవలేదు. కానీ లోపల ఒక కోరిక ఉండిపోయింది. పెట్టెలో తప్పు లేదని ఆ నోటితోనే ఒక్కసారి అనిపించుకోవాలి. ఆ నోరు కాస్తా మూతబడిపోయింది.

ఇలా ఉండగా మనవరాలు ఎలక్ట్రిక్ గిటార్ పట్టింది. పోటీ దగ్గరపడింది, ఒక ఆంప్లిఫయర్ చేసిపెట్టమని తాతని బతిమాలింది. ఒట్టు పెట్టుకున్నాను, ఇంక చెయ్యనన్నాడు. అయితే కంప్యూటర్‌కి తగిలించి వాయించుకుంటానంది. ఆయనకి ఒళ్లు మండింది. ఉత్తరాలు టైపు చేసుకునే దాంట్లోంచి గిటార్ ఏమిటి, నా ఇంట్లో కుదరదు అన్నాడు.  అప్పట్నుంచి ఆ పిల్ల రోజూ సాయంత్రం స్నేహితురాలింటికని చెప్పి వెళ్తోంది.

ఒకరోజు గాలి లేచి వీధి మొత్తానికి కరెంటు పోయింది. తాత షాపు మూసి, టార్చి వేసుకుని ఇంటికి బయల్దేరాడు. దర్జీ షట్టర్ ఎప్పుడో దించేశాడు. ఎక్కడా ఒక్క దీపం లేదు.

మేడమెట్ల దగ్గరకి రాగానే—

జుయ్...

కాళ్లు ఆగిపోయాయి.

ఆ వెనకే గిటార్. లావు తీగ మీద గొంతు కాస్త చిరుగుతుంది... సన్న తీగ దగ్గర గంటలా తేలుతుంది... ఆ గొంతు ఆయనకి తెలియకపోతే ఎవరికి తెలుస్తుంది? అది ఆయన పెట్టె. ఆయన ఊడదీసిన పెట్టె. పీటయిపోయిన పెట్టె!

చచ్చిన మాస్టారంటే ఆయనకి భయం వెయ్యలేదు. వీధిలో కరెంటు లేదు. కరెంటు లేకుండా ఆంప్లిఫయర్ మోగుతోంది. దానికి వెన్నులోంచి చలి పుట్టింది.

పారిపోదామనుకున్నాడు. కానీ ఎవరైనా చూస్తే? ఈగల తాతకి తోడు ఇంకో పేరు తగిలిస్తారు. పళ్లు బిగపట్టి మెట్లెక్కాడు. ఒకటి... రెండు... పదకొండు. తలుపు ఓరగా ఉంది. తోశాడు.

చీకట్లో, గాల్లో, నీలంగా ఒక మొహం తేలుతోంది. ఒళ్లు లేదు. మొహమే.

టార్చి చేతిలోంచి జారి ఆరిపోయింది. (దాని బొత్తం వదులుగా ఉందని తర్వాత అందరికీ చెప్పాడనుకోండి.)

"తాతయ్యా? నువ్వేంటి ఇక్కడ?"

మనవరాలు. ఒళ్లో గిటార్, ముందు ల్యాప్‌టాప్ కంప్యూటర్, దాని వెలుగే మొహం మీద. గిటార్ వైరు ఒక చిన్న డబ్బాలోకి, డబ్బా వైరు కంప్యూటర్‌లోకి. చెవులకి హెడ్‌ఫోన్స్.

"కరెంటు..." అన్నాడు తాత. 

బ్యాటరీ మీద నడుస్తోందని నవ్వింది పిల్ల. మాస్టారి భార్యే తాళంచెవి ఇచ్చిందట. ఇక్కడ అల్మారాలో మాస్టారి పాత ప్రోగ్రాం టేపు ఒకటి దొరికిందట. అది వినీ వినీ, కంప్యూటర్‌లో అచ్చు ఆ గొంతే దించుకుందట. ఇలాంటి గొంతు కొన్న ఆంప్లిఫయర్లలో లేదట.

టేపు తీసి వెలుగులో పెట్టి, మీద రాసింది చదివింది. "ఈగల డబ్బా. ఎవరూ చెరపవద్దు." దాని కింద మాస్టారు తన చేత్తో గీసిన గీత, రెండుసార్లు.

తాత టేపు అందుకుని ఆ రెండు గీతల్నీ వేలితో తడిమాడు. తర్వాత హెడ్‌ఫోన్స్ అడిగి పెట్టుకున్నాడు. పిల్ల వాయించింది. అదే గొంతు. కానీ ఏదో వెలితి.

"ఈగలేవి?"

"తీసేశాను తాతయ్యా. పోటీలో నిన్ను చూసి ఎవరూ నవ్వకూడదని."

"మరి... కింద మెట్ల దాకా మోగాయే?"

పిల్ల చేతివేళ్లు తీగల మీద ఆగిపోయాయి. హెడ్‌ఫోన్స్ వంక చూసింది, తాత వంక చూసింది.

"దీంట్లోంచి చప్పుడు బయటికి రాదు తాతయ్యా," అంది మెల్లగా. "అందుకే కదా, ఎవరికీ తెలియకుండా ఇన్నాళ్లూ వాయించుకున్నాను..."

హెడ్‌ఫోన్స్ తీసి బల్ల మీద పెట్టాడు. పిల్ల కంప్యూటర్ మూసేసింది. చీకటి.

టక్, టక్, టక్.

మూలనుంచి... జుయ్... మని మొదలైంది.

పిల్ల తాత చొక్కా పట్టుకుంది.  తాతకి ఇరవై ఏళ్లుగా గొంతులో అడ్డంపడ్డ మాట ఒకటుంది. అది భయం కన్నా ముందు బయటికొచ్చేసింది.

"మాస్టారూ... ఆ రెండో నాబ్ కొంచెం తగ్గించండి."

ఎక్కడా కదలిక లేదు. మోత ఒక్కటే. మాస్టారు ఆలోచించుకుంటున్నట్టు...

చీకట్లో ఏదో చిన్నగా కిర్రుమని తిరిగింది.

ఈగలు ఆగిపోయాయి.