‘చూద్దాం’ అంటే ఏమిటి?

పంపుసెట్ల కంపెనీలో సేల్స్ చూసుకునే మనిషిని తీసుకొచ్చి రాయబారిని చేస్తే ఏమవుతుందో శిక్షణ మొదటి క్లాసులోనే తేలిపోయింది. దౌత్య మర్యాదలు నేర్పే ప్రోటోకాల్ టీచరు పొరుగు దేశపు మంత్రిగా నటిస్తూ ఓడరేవులో సగం వాటా అడిగింది. అతను తడుముకోకుండా, "కుదరదండీ, వేరే రేటు చెప్పండి" అనేశాడు.

క్లాసంతా గొల్లుమంది. తోటివాళ్లు అప్పటికప్పుడు ‘డిస్కౌంట్ దొర’ అని పేరు పెట్టేశారు.

"యుద్ధం రావడానికి మీరొక్కరు చాలు," అంది టీచరు. "ఇక్కడ కుదరదు అనకూడదు. చూద్దాం అనాలి. చూద్దాం అన్నారంటే ఆ ఫైలు అటకెక్కినట్టే."

ఆ రోజు మొదలు ఆమెతో ప్రతిదానికీ వాదించాడు. వాదన క్లాసులో తెమలక క్యాంటీన్‌ దాకా వెళ్లేది. ఆమె నవ్వు ఆపుకోవడానికి పెదవి బిగబట్టినప్పుడల్లా ఇతగాడు పాఠం మరిచిపోయేవాడు.

పోస్టింగ్ ఆర్డరు వచ్చింది. వచ్చే వారమే ప్రయాణం. క్యాంటీన్ కిటికీ బయట వాన దంచుతుండగా ధైర్యం కూడగట్టుకుని, నన్ను పెళ్లి చేసుకుంటారా అని అడిగేశాడు. ఆమె కాఫీ చల్లారిపోయేదాకా కలుపుతూ కూర్చుంది.

"చూద్దాం," అని లేచి వెళ్లిపోయింది.

ఆ మాటకి అర్థం నేర్పిందే ఆవిడాయె.

ఆడపిల్ల చూద్దాం అంటే ఒప్పుకున్నట్టేరా పిచ్చోడా అని అక్క ఫోనులో నచ్చజెప్పింది. ఆవిడ మామూలు ఆడపిల్ల కాదక్కా, ప్రోటోకాల్ మనిషి అన్నాడు. మిగిలిన క్లాసులకు సెలవు పెట్టాడు. టీచరు పేరుతో ఫోను మోగేది. మర్యాదగా కాదనడానికే చేస్తోందని ఎత్తేవాడు కాదు. సర్దిన చొక్కాలే మళ్లీ మళ్లీ సర్దుకుంటూ కూర్చున్నాడు.

ప్రయాణం ముందురోజు పొద్దున్నే బెల్లు మోగింది. గుమ్మంలో ఆమె, పక్కన వాళ్ల నాన్న. ఆమె కళ్లు ఎర్రబడి ఉన్నాయి.

"ఫోనెందుకు ఎత్తలేదు? మనసు మార్చుకున్నారేమోనని చచ్చిపోయాను."

"మీరు చూద్దాం అన్నారు కదండీ."

"నాన్నని అడిగి చూద్దాం అని. క్లాసులో చెప్పింది దేశాల సంగతి."

అతనికి ఏడవాలో నవ్వాలో తెలియలేదు. ఇద్దరినీ లోపలికి పిలిచి, కుర్చీ మీది చొక్కాల కుప్ప తీసి మంచం మీద పడేశాడు. పెద్దాయన కూర్చుని అతన్ని తేరిపార చూశారు.

"మా అమ్మాయిని అంత దూరం తీసుకెళ్తానంటున్నావు. సుఖంగా ఉంటుందా బాబూ?"

ఇలాంటి ప్రశ్నకు చెప్పాల్సిన తీయటి జవాబులు అతను నేర్చుకున్నవే. ఒక్కటీ నోటికి రాలేదు.

"తెలీదండీ," అన్నాడు. "కొత్త ఉద్యోగం, కొత్త ఊరు. నాకే భయంగా ఉంది. తను పక్కనుంటే ఆ భయం కొంచెం తగ్గుతుంది, అంతే తెలుసు."

పెద్దాయన కూతురి వైపు తిరిగారు.

"ఇన్నాళ్లూ ఏం నేర్పావే ఇతనికి? ఏమీ వచ్చినట్టు లేదు."

"రాలేదు నాన్నా," అంది ఆమె కళ్లు తుడుచుకుంటూ. "అందుకే ఇతన్ని చేసుకోనా అని అడుగుతున్నాను."