చిల్లుల ఆకుల పొద

తుహినపురానికి రాజు లేకుండా పోయాడు. పట్టాభిషేకానికి ముందే యువరాజు ఆర్యవర్ధనుణ్ణి ధూమ్రకేశి అనే రాక్షసి ఎత్తుకుపోయి, తన మాయవనంలో పూలపొదగా మార్చేసింది. పౌర్ణమిలోగా అతణ్ణి విడిపించకపోతే సింహాసనం తనదేనని కబురంపింది. సేనాపతులు వెనకడుగు వేశారు. యువరాజు చెల్లెలు సులేఖ నడుముకు కత్తి బిగించి, ఒక అటుకుల మూటతో బయలుదేరింది.

ఎండ నేలకు దిగని అడవి అది. పాచి పట్టిన మానుల మధ్య పొగమంచు నిద్రలో నడుస్తున్నట్టు కదులుతోంది. సులేఖ జలగల మడుగును మర్రి ఊడ పట్టుకుని ఊగి దాటింది. పేరు పెట్టి పిలిచే గుహను చెవుల్లో నాచు కుక్కుకుని దాటింది. అవతల కొమ్మ మీద నుంచి బెట్టుడత అనే పెద్ద అడవి ఉడుత ఒకటి తొంగిచూసింది.

"ఆగమ్మాయ్! మాయవనంలో పొదలన్నీ ఒక్కలాగే ఉంటాయి. తప్పు పొదను ముట్టుకున్నావో, నువ్వూ పొదవైపోతావు."

"మా అన్నయ్యను నేను గుర్తుపట్టలేనా?"

"వచ్చినవాళ్లంతా ఇలాగే అన్నారులే," అంటూ ఉడుత దారి చూపింది.

ఎటు చూసినా నిగనిగలాడే జంట ఆకులు, చుక్కల్లాంటి తెల్లని పూలు. ఆ పరిమళానికి సులేఖ నిలబడే కలగంటున్నట్టుంది.

"ఎంచుకోవే పిల్లా!" పొగలోంచి ధూమ్రకేశి పకపకా నవ్వింది. "నడుమ నిండుగా పూసిందే, అది చూడు. రాచఠీవి ఉట్టిపడటం లేదూ?"

సులేఖ చెయ్యి చాచింది. అంతలో పైనుంచి ఒక గొంగళిపురుగు ఆ పొద మీద పడింది. పొద చటుక్కున ఆకులు ముడుచుకుంది. పురుగు జారి పక్క పొద మీద పడింది. అదీ ముడుచుకుంది. ఆ పక్కన, ఆకుల నిండా చిల్లులతో వంగిపోయిన పొద ఒకటుంది. అది మాత్రం మిగిలిన లేతాకును పురుగుకు అందేలా మెల్లగా వంచింది.

ఆకలన్నవాడికి తన కంచమే జరిపే మనిషి ఆమెకు ఒక్కడే తెలుసు.

"ఛీ! పురుగుపట్టినదాని జోలికెందుకే?" రాక్షసి గొంతు వణికింది.

"అన్నయ్యా!" సులేఖ ఆ పొదను వాటేసుకుంది.

ధూమ్రకేశి కేకపెట్టి పొగలో పొగై చెదిరిపోయింది. చిల్లుల బట్టలతో ఆర్యవర్ధనుడు లేచి నిలబడ్డాడు. చుట్టూ పొదలన్నీ మనుషులై ఆవులించాయి.

"చెల్లీ, తినడానికేమైనా తెచ్చావా?"

ఆమె మూట అందించింది. అతను వెంటనే పక్కవాళ్ల దోసిళ్లు నింపబోయాడు.

"ముందు నువ్వు తిను. ఇది రాజాజ్ఞ!"

"రాజెవరు?"

"నువ్వు తినేదాకా నేనే!"

పౌర్ణమినాడు తుహినపురంలో ఆర్యవర్ధనుడికి పట్టాభిషేకం జరిగింది. అతను చల్లగా రాజ్యమేలాడు. భోజనాల వేళ మాత్రం ఏలిక సులేఖే.