నీటిగోడ లోపల

డాక్టర్ హేమలత మీట తిప్పగానే సముద్రం పక్కకు తప్పుకుంది. 'నీలిమ' ఓడ డెక్ మీద నిలబడ్డ టూరిస్టులు చప్పట్లు కొట్టారు. నిన్న ఒక దీవి చూశారు, ఇవాళ గవ్వలదిబ్బ, రేపు ఇంకొకటి. అన్నీ మునిగిపోయినవే. నీళ్ళపైన పచ్చగా ఉన్న రోజుల్లో ఈ దీవుల మొహం చూసినవాడు లేడు. మునిగాక మాత్రం టిక్కెట్లు దొరకడం లేదు. మన జనం సంగతి తెలిసిందే కదా.

యంత్రం గురించి చెబుతాను, కంగారుపడకండి, లెక్కలేమీ ఉండవు. దీవి చుట్టూ సముద్రం అడుగున గుండ్రంగా ట్రాన్స్‌మిటర్లు పాతారు. వాటిలోంచి మన చెవికి అందని శబ్ద తరంగాలు వచ్చి నీటిని బయటికి నెట్టి గోడలా నిలబెడతాయి. లోపల మిగిలిన నీటిని పంపులు తోడేస్తాయి. కరెంటు ఓడలోంచే వెళుతుంది. సాయంత్రం ఓడ కదిలే ముందు మీట వెనక్కి తిప్పేస్తే, సముద్రం మళ్ళీ దీవిని కప్పేస్తుంది.

"మేం లోపల ఉండగా ఎవరైనా పొరపాటున మీట తిప్పితే?" అని అడిగాడు ఒక టూరిస్టు.

"తిరగదండీ. లోపల ఒక్క మనిషి ఉన్నా ఆ మీట పనిచెయ్యదు. సేఫ్టీ లాక్ ఉంది, నేనే పెట్టించాను" అంది హేమలత.

ఆ మాట పక్కనే చేపలబుట్టతో దిగుతున్న పోలమ్మ చెవిన పడింది.

పోలమ్మది గవ్వలదిబ్బే. ఎప్పుడో శ్రీకాకుళం వైపు నుంచి వేటకొచ్చి ఇక్కడే స్థిరపడ్డవాళ్ళ మనవరాలు. దీవి మునిగాక ప్రభుత్వం వాళ్ళందరినీ దూరంగా ఒక రేకుల కాలనీలో పడేసింది. ఓడ వచ్చినప్పుడల్లా కంపెనీ ఆవిణ్ణి కూలికి పిలిపిస్తుంది. తన ఇంట్లో, తన పొయ్యి దగ్గర కూర్చుని టూరిస్టులకు చేపలు వేయించి పెట్టాలి. తన ఇంట్లో తను కాపురం చేస్తున్నట్టు నటించడం ఆవిడ ఉద్యోగం. సాయంత్రం కాగానే ఆ ఇంటిని మళ్ళీ సముద్రానికి అప్పజెప్పి రావాలి. నాని నాని క్రితంసారికే వెనకగోడ కూలిపోయింది. ఇంకెన్నాళ్ళో నిలవదని ఆవిడకు తెలుసు.

సాయంత్రం సైరన్ మోగింది. టూరిస్టులందరూ ఓడెక్కేశారు, కూలివాళ్ళూ ఎక్కారు. కంట్రోల్ రూములో మీట మీద చెయ్యి వేసిన హేమలత అద్దంలోంచి దీవి వైపు చూసి ఆగిపోయింది.

"భానోజీరావుగారూ, ఆ ఇంట్లోంచి పొగ వస్తోంది."

భానోజీరావు ఓడ మేనేజరు. "పొయ్యి ఆర్పడం మరిచిపోయి ఉంటారండీ. మీ యంత్రమే చెబుతోంది కదా, లోపల మనుషులు సున్నా అని. కానివ్వండి, రేపటి దీవికి ఆలస్యమైతే నా ప్రాణం తీస్తారు" అన్నాడు.

ఆ సున్నా ఎలా వస్తుందో హేమలతకు తెలుసు. మొదట్లో ఆవిడ ఒంటి వేడిని బట్టి మనిషిని పసిగట్టే సెన్సర్లు పెడదామంది. అవి ఖరీదని, టూరిస్టుల చేతికి కట్టే పట్టీలను లెక్కబెడితే చాలని కంపెనీ అంది. ఆవిడ సరేనంది. అప్పుడావిడ కళ్ళముందు టూరిస్టులే మెదిలారు మరి. చదువుకున్నవాళ్ళం, మన చూపు అంతవరకే పోతుంది.

మీట వదిలేసి దిగి పరుగెత్తింది. ఆవిడ చేతికి పట్టీ ఉంది. దీవిలో కాలు పెట్టగానే ఓడలో సున్నా ఒకటయింది.

పోలమ్మ పొయ్యి ముందు కాళ్ళు చాపుకుని తీరుబడిగా కూర్చుంది.

"వొచ్చీసినావేటి డాక్టరమ్మా? కూకో. నానెల్లను. మడిసుంటే నీళ్ళు రావని నువ్వే సెప్పినావు కదా. సూడు, ఇంతసేపైనా రానేదు. నానున్నంతకాలం మా ఊరుంటాది."

ఆ మొహంలో సంతోషం చూసి హేమలతకు నిజం చెప్పబుద్ధి కాలేదు. ఏదో అబద్ధం చెప్పి తీసుకుపోదామనుకుంది. కానీ ఇవాళ అబద్ధంతో లాక్కుపోతే, ఇంకోసారి ఈవిడ ఎవరి కంటా పడకుండా దాక్కుంటుంది.

"అమ్మా, గోడ నిలబడింది మీ కోసం కాదు. ఇదిగో, నా చేతికి ఈ పట్టీ ఉంది కాబట్టి. నేను రాకముందు యంత్రం లోపల ఎవరూ లేరనే చెప్పింది."

"నానున్నాను కదా."

"ఉన్నారు."

"మరి నన్ను దేన్లో నెక్కేసింది?"

హేమలత తలవంచుకుంది. "సామాన్లలో. పొయ్యి, వల, చేపలబుట్ట... వాటితోపాటు."

పోలమ్మ పొయ్యిలో కట్టెలు వెనక్కి లాగింది. తర్వాత లేచి పొయ్యి మీద నీళ్ళు చల్లింది. "పదమ్మా. నీ ఓడెల్లిపోద్ది" అని ముందు తనే నడిచింది.

వాళ్ళు ఓడెక్కాక సముద్రం గవ్వలదిబ్బను కప్పేసింది. టూరిస్టులు ఫోటోలు తీసుకున్నారు.

హేమలత ఊరుకోలేదు, ఆ మాట ఒప్పుకోవాలి. కంపెనీతో పోట్లాడి, పట్టీ ఉన్నా లేకపోయినా యంత్రం మనిషిని మనిషిగా గుర్తుపట్టేలా మార్పించింది. కంపెనీ పెద్దలు అభినందించారు కూడా. ఆ తర్వాత తీరిగ్గా ఆలోచించారు. ఈ దీవివాళ్ళు కూడా లెక్కలోకి వస్తే, వీళ్ళలో ఎవరు మొండికేసి లోపల కూర్చున్నా ఓడ కదలదు కదా. అందుకని ఇక దీవివాళ్ళెవరూ గవ్వలదిబ్బలో కాలు పెట్టకూడదని ఆర్డరు వేశారు. పోలమ్మ పొయ్యి దగ్గర ఒక ఫైబర్ బొమ్మను కూర్చోబెట్టారు. మోటారుతో అదే గరిటె తిప్పుతుంది.

ఈ సంగతి చెప్పడానికి హేమలత తనే రేకుల కాలనీకి వెళ్ళింది. తిడుతుందనుకుంది, తిడితే బాగుండుననీ అనుకుంది. పోలమ్మ అంతా విని ఒకటే అడిగింది.

"సాయంత్రం ఓడెల్లిపోయేటప్పుడు ఆ బొమ్మను కూడా పైకి తీసేస్తారా?"

"లేదమ్మా. దాన్ని నేలలోకి బిగించేశారు. నీళ్ళొచ్చినా అక్కడే ఉంటుంది."

"అయితే అది మా ఇంట్లోనే ఉంటాదన్నమాట" అంది పోలమ్మ.