నీళ్ళు పోసే చేతులు

కోట్లా ముబారక్‌పూర్‌లోని ఆ మేడమీద గదిలో అన్నపూర్ణేశ్వరి ఆ ఉదయం పక్క మీదనుంచి లేవలేదు. ఢిల్లీ చలిని కూడా లెక్కచేయకుండా రోజూ శాలువా కప్పుకుని గుడికని బయలుదేరే మనిషి, దుప్పటి ముసుగులో వణుకుతూ పడుకుంది. కోడలు అరుంధతి ఆమె నుదుటిమీద చెయ్యి వేసి చూసి, కిరసనాయిలు స్టవ్ మీద మిరియాల కషాయం పెట్టింది.

కొడుకు వీరరాఘవులు కిటికీ దగ్గర కుర్చీలో కూర్చుని ఉన్నాడు. ఓఖ్లాలో పంకాలు తయారుచేసే ఫ్యాక్టరీ మూతపడినప్పటినుంచి అతని చోటు అదే. అక్కడ ఫోర్‌మన్‌గా నలుగురికీ పని చెప్పినవాడు. మొదట్లో ఉద్యోగం కోసం బాగానే తిరిగాడు. తన దగ్గర పని నేర్చుకున్న జోగయ్య ఈ పేటలోనే చిన్న లేత్ షెడ్ పెట్టుకుని, వచ్చి పనిచేయమని బతిమాలితే మాత్రం ముఖం తిప్పుకున్నాడు. తర్వాత గడప దాటడమే మానేశాడు. గడ్డం పెరిగింది. భార్య వడ్డించింది తినేవాడు. అది ఎలా వచ్చిందని అడిగేవాడు కాదు.

తలుపు చప్పుడైంది. వచ్చినావిడ పంజాబీ. సరోజినీ నగర్ క్వార్టర్లనుంచి వచ్చానని చెప్పింది.

“భాయీసాబ్, మాతాజీ ఠీక్ హై నా?” అని పెద్దావిడ బాగోగులు అడిగి, ఆదుర్దాగా హిందీలో అందుకుంది. మనవడికి ఇంకెవరు నీళ్ళు పోసినా గుక్కపట్టి ఏడుస్తున్నాడట. మాతాజీ కాళ్ళమీద పడుకోబెట్టుకుని పోస్తేనే హాయిగా నిద్రపోతాడట. ఆ వరసలో ఏ ఇంట్లో పురుడైనా ఈమెనే పిలుస్తున్నారట.

జ్వరమని అరుంధతి చెబితే ఆవిడ నొచ్చుకుని వెళ్ళిపోయింది. వీరరాఘవులు తల్లివైపు తిరిగాడు.

“గుడికి కాదన్నమాట నువ్వు వెళ్ళేది.”

అన్నపూర్ణేశ్వరి దుప్పటి ముఖంమీదికి లాక్కుంది.

“ఈ వయసులో ఇంటింటికీ తిరిగి పరాయి పిల్లల ఉచ్చలు కడుగుతున్నావా అమ్మా? దానికంటే నాకింత విషం పెట్టకపోయావా?”

“ఏమండీ!” అరుంధతి స్టవ్ దగ్గరనుంచి లేచింది. “ఆవిడ వెళ్ళకపోతే ఈ పొయ్యి వెలిగేదా? మన పిల్ల గౌరిని కాలేజీ మాన్పించేవాళ్ళం కామా? మీరు ఒక్కసారైనా అడిగారా?”

“ఊరుకోవే,” అంటూ అన్నపూర్ణేశ్వరి గోడకు ఆనుకుని లేచి కూర్చుంది. “ఇలా రారా రాఘవా. కూర్చో.”

అతను కదల్లేదు. అయినా ఆమె చెప్పసాగింది.

“నీకంటే ముందు నాకొక ఆడపిల్ల పుట్టింది. పురిటి మంచంమీదే పోయింది. ఆ రోజుల్లోనే పక్కింటావిడ బిడ్డని కని కన్నుమూసింది. ఆ పసిగుడ్డుకి నీళ్ళు పోసే దిక్కులేక నన్ను పిలిచారు. వీళ్ళేం మనుషులు, నన్నెలా పిలవగలిగారు అనుకున్నాను. అయినా వెళ్ళాను. కాళ్ళమీద వేసుకుంటే నా పిల్ల బరువే. ఏడుస్తూనే పోశాను రా. ఇంటికొచ్చి అన్నం తిన్నాను. అప్పటిదాకా నాకు ముద్ద దిగలేదు.”

అరుంధతి కషాయం గ్లాసులో పోసి ఇస్తే ఆమె ఒక గుక్క తాగింది.

“బాధ పోయిందని చెప్పను. ఇప్పటికీ ఉంది. దాన్ని చంకనేసుకునే బతికాను. నీ ఉద్యోగం పోయింది, నిజమే. నీకు చేతనైన పనిని ఎవరు పట్టుకుపోయారు?”

వీరరాఘవులు కుర్చీలోంచి లేచాడు. నలభై దాటిన వయసులో తనకొక అక్క ఉండేదని తెలిసింది. చెప్పులు వేసుకుని మెట్లు దిగిపోయాడు. అరుంధతి కంగారుగా వెనకే పరుగెత్తబోతే అత్తగారు చెయ్యి పట్టుకుని ఆపింది.

జోగయ్య షెడ్‌లో రెండు యంత్రాలున్నాయి. వీరరాఘవులు లోపలికి రాగానే జోగయ్య స్టూలు మీదనుంచి లేచి నిలబడ్డాడు.

“సార్, మీరా! కూర్చోండి సార్.”

“కూర్చోవడానికి రాలేదయ్యా. ఏ మెషీన్ దగ్గర నిలబడమంటావు?”

అలవాటు తప్పిన చేతులు మొదట తడబడ్డాయి. ఇనుప రజను గుచ్చుకుని వేళ్ళు రక్తమోడాయి. మధ్యాహ్నానికి చెయ్యి కుదిరింది.

సాయంత్రం ఇంటికి వచ్చేసరికి తల్లికి జ్వరం తగ్గలేదు. కాలేజీనుంచి వచ్చిన గౌరి ఆమె కాళ్ళు పడుతోంది. కాంపౌండరు వచ్చి సూది వేసి వెళ్ళాడనీ, ఆమె ఇక నీళ్ళలో తడిసే పని చేయకూడదన్నాడనీ అరుంధతి మెల్లగా చెప్పింది. అతను తలూపి తల్లి పక్కన నేలమీద కూర్చున్నాడు. ఆమె చెయ్యి పట్టుకుని అడిగాడు.

“అక్క పేరేమిటమ్మా?”

అన్నపూర్ణేశ్వరి కళ్ళు తెరిచింది. పొద్దున అంత కథ చెబుతున్నప్పుడు కూడా రాని కన్నీళ్ళు ఇప్పుడు ఉబికాయి.

“నామకరణం దాకా ఉండలేదు కదరా. పేరెందుకని అందరూ అన్నారు. మీ నాన్న కూడా అడగలేదు.” ఆమె దుప్పటిని గుండెకు దగ్గరగా లాక్కుంది. “నేనే జానకి అని పిలుచుకున్నాను. లోపల్లోపలే.”

“జానకక్క,” అన్నాడు వీరరాఘవులు.

ఆ పేరు ఇంకొకరి నోట వినడం ఆమెకు అదే మొదటిసారి. కొడుకు భుజంమీద తలవాల్చి, నిన్ననే బిడ్డను పోగొట్టుకున్న తల్లిలా వెక్కివెక్కి ఏడ్చింది. అతను ఆమెను పొదివి పట్టుకుని, ఊరుకోమనకుండా, ఏడ్వనిచ్చాడు.