గంప దించమన్న మనిషి

యాక్సిడెంట్ అయితే ఏం చెయ్యాలో నాకు చెప్పకండి. పదకొండేళ్లుగా ఐసు వ్యాను తోలుతున్నవాణ్ణి. బండి ఆపాలి, దెబ్బ తగిలినోణ్ణి కదపకూడదు, 108కి ఫోన్ కొట్టాలి. అన్నీ తెలుసు. తెలిసీ మోసపోయాను.

ఆ రోజు మా బావ మురళీమోహన్‌తో శ్రీముఖలింగం బయల్దేరాను. మా అప్ప దేవికి, అదే మా అక్కకి, ఏడో నెల. దాని పేరున పూజ చేయించాలి. కొత్త కారు కదా, బావ స్టీరింగు మీద ఇంకొకర్ని చెయ్యి వెయ్యనివ్వడు. దారిలో టీకొట్టు దగ్గర ఆగితే, చేపలమ్మే ముసలమ్మ ఒకామె నెత్తిన గంపతో వచ్చింది.

"బాబూ, గంప కాసింత దించు నాయినా" అంది.

దించాను. మా చేపలోళ్లలో దించమంటే కాదనే మాటే లేదు. పగవాడి గంపైనా దించుతాం.

"నీసు అంటుకుంటాదిరా సూరీ, కారెక్కకు" అని బావ విసుక్కున్నాడు. ఆయనా చేపలమ్మిన ఇంట్లో పుట్టినోడే. నవ్వి ఊరుకున్నాను.

పూజ అయ్యింది. ప్రసాదం ఒళ్లో పెట్టుకొని బావ పక్క సీట్లో కూర్చున్నాను. తిరిగొచ్చేటప్పుడు సాయంత్రం నాలుగున్నరకి వాన పట్టుకుంది. వంశధార వైపు నుంచి తడిమట్టి వాసన వస్తుంటే నాకు కునుకు పట్టేసింది.

దబ్బుమని చప్పుడు.

కళ్లు తెరిచేసరికి కారు కల్వర్టు గోడకి గుద్దుకొని ఉంది. నా ఎడమ కాలు నాది కానట్టే ఉంది. వైపర్ మాత్రం కిర్రు... కిర్రు... అని తిరుగుతోంది. కారంతా పచ్చిచేపల నీసు.

"ఏటైంది బావా?"

"గోడకి కొట్టేసినాం. ఇటు జరుగు, ఆ పక్క తలుపు రాదు." చంకల కింద చేతులేసి నన్ను తన సీట్లోకి లాగేశాడు. కదపకూడదు బావా అనే మాట నోటిదాకా వచ్చింది. బావ కదా, కాపాడుతున్నాడనుకున్నాను. నా బుద్ధి గడ్డి తింది! "నీ ఫోనియ్యి. నా దానికి సిగ్నల్ లేదు. 108కి సెప్పి వస్తాను."

వానలోకి వెళ్లాడు. వెనక్కి తిరిగి చూడలేదు.

కిర్రు... కిర్రు... నీసు వాసన దగ్గరికొస్తోంది.

పక్కకి తిరిగాను. అద్దం అవతల పొద్దున్న చూసిన ముసలమ్మ. నెత్తిన గంప. గంపలోంచి కారుతున్న నీళ్లు ఎర్రగా ఉన్నాయి.

"బండి ఎవులు తోలినారు?" గుసగుసలాడింది.

గుద్దింది గోడని ఒక్కదాన్నే కాదు. బావ నన్ను ఈ సీట్లో కూర్చోబెట్టింది ఎందుకో అప్పుడు తెలిసింది. తోడబుట్టినదాన్ని ఇచ్చుకున్నాం గదరా నీకు! భయం కన్నా ముందు కడుపు మండిపోయింది.

"నేను కాదమ్మా... మా బావ."

"ఇల్లు?"

ఊరు, వీధి, నీలం గేటు... ఉక్రోషంలో అన్నీ చెప్పేశాను. ముసలమ్మ తలూపింది. ఆ తర్వాత నాకు తెలివి లేదు.

తెలివొచ్చేసరికి శ్రీకాకుళంలో ఆసుపత్రి మంచం మీద ఉన్నాను. ఎవరో ఆటోవాళ్లు తెచ్చి పడేశారట. బావ 108కి ఫోనే చెయ్యలేదు.

"తోలింది నువ్వేనని మీ బావ రాసిచ్చినాడు" అన్నాడు పక్కనున్న కానిస్టేబులు. "అసిరమ్మని, సేపలమ్ముకునే ముసలామె. గుద్దిన సోటే పోనాది. మీ బావ గంట కిందటే ఇంటికెళ్లిపోనాడు. ఇదుగో, నీ ఫోను ఇచ్చి పోనాడు."

ఫోన్ ఆన్ చేశాను. చేసీ చెయ్యకముందే మోగింది. అప్ప.

"ఒరే తమ్ముడూ, మీరింకా రాలేదేటి? మీ బావ ఫోనెత్తడు."

"బావ... ఇంటికి రాలేదా అప్పా?"

"లేదురా. ఉండు, గుమ్మంలో ఎవులో ముసలమ్మ. నిలువునా తడిసిపోనాది. గంప దించమంటన్నాది."

నీలం గేటు గుర్తు చెప్పింది నేనే.

"ముట్టుకోకప్పా! తలుపేసెయ్యి!"

"సీ, అవేం మాటలురా? ముసలిది అడుగుతంటే..." ఫోన్ అరుగు మీద పెట్టిన చప్పుడు. గాజుల చప్పుడు. అప్ప మూలిగింది. "అమ్మో... ఏటి తల్లీ ఇంత బరువు..."

"అప్పా!"

"సూరీ..." అప్ప గొంతు సన్నగా వణికింది. "ఇందులో సేపలు లేవురా... మీ బావ..."

తర్వాత మాట లేదు. ఫోన్ మాత్రం కట్ కాలేదు. అందులోంచి వినిపిస్తూనే ఉంది...

కిర్రు... కిర్రు...